పుస్తకానికి పరీక్ష

నా చిన్నప్పుడు మేము హైదరాబాదులో, చార్మినార్ దగ్గరి హుస్సేనీ ఆలంలో ఉండేవాళ్లం. పక్కింటి అక్క మా బడిలోనే టీచరు. ఆ ఏడు బడి అల్మారాలో ఒక అర ఖాళీ చేసి, పిల్లల కోసం ప్రకృతి, చరిత్ర పుస్తకాలు ఎంచి పెట్టమని పెద్ద టీచరుగారు అక్కకు చెప్పారు. నచ్చనివి తిరిగి ఇచ్చే ఒప్పందం మీద దుకాణం నుంచి తెచ్చిన పుస్తకాలను అక్క ఇంట్లో చాప నిండా పరిచింది. కథల పుస్తకాలు తప్ప మరేవీ ముట్టని నన్ను పిలిచి, "నువ్వే చెప్పు, ఏవి ఉంచుదం?" అంది. అంత పెద్ద పని నాకు అప్పగించేసరికి నా కాళ్లు నేల మీద నిలవలేదు.

అన్నిటికన్నా లావుగా, అట్ట మీద పులి బొమ్మతో మెరిసిపోతున్నదాన్ని ఒళ్లోకి లాక్కున్నాను. అక్క నవ్వింది. "అట్ట చూసి ఒప్పుకుంటవా? నీకు మస్తు తెల్సిన జీవి ఏందో, గా పేజీ తియ్యి."

నాకు బాగా తెలిసినవి పావురాలు. మా మేడ మీద గూట్లో అవి పిల్లల్ని పెంచుతుంటే అన్నం కూడా మరిచి చూసేదాన్ని. ఆ పుస్తకంలో తల్లి పావురం పిల్లలకు పురుగులు తెచ్చి పెడుతుందని ఉంది.

"అక్కా, గిది తప్పు! పిల్ల తల్లి నోట్లె ముక్కు పెట్టి తాగుతది. తండ్రి గూడ గట్లనే తాపిస్తది. నేను రోజూ చూస్త!"

అక్క పల్చటి పుస్తకం ఒకటి అందించింది. అన్నీ నలుపు తెలుపు బొమ్మలే. తల్లీ తండ్రీ రెండూ గొంతు సంచిలో ఊరే పాలలాంటిది పిల్లలకు తాగిస్తాయని అందులో ఉంది. నేను చూసిందే! రాసినవారెవరో మా మేడ మీద నా పక్కనే కూర్చున్నట్టు అనిపించింది.

ఇక నా గర్వానికి పట్టపగ్గాలు లేవు. మా ఊరి చరిత్ర పుస్తకంలో, చార్మినార్ కమాను మీద చిన్న పిల్లి తల మలిచి ఉందని చదవగానే పక్కన పడేశాను. "గిది గూడ తప్పే. రోజూ గా తొవ్వల్నే పోత. పిల్లీ లేదు, గిల్లీ లేదు."

అక్క చెప్పులేసుకుని, "నడువు, చూసొద్దం" అంది.

జనంలో నిలబడి, మెడ నొప్పి పుట్టేదాకా ఒక్కో కమానూ వెతికాను. చివరికి కనిపించింది. చిన్న తల, నిక్కిన చెవులు! "అక్కా, పిల్లి!" అని నేను కేక పెడితే, పక్కన బండి మీద పండ్లు అమ్మే ఆయన కూడా తలెత్తి చూసి, "అరే, సచ్చీ బిల్లీ హై!" అని పగలబడి నవ్వాడు. ముగ్గురం ఎంతసేపు నవ్వామో!

"మరి పుస్తకం సంగతేంది?" అంది అక్క.

"ఉంచాలె" అన్నాను.

నేటికీ పిల్లలకు పుస్తకం కొనేముందు, నాకు తెలిసిన సంగతి అందులో ఎలా ఉందో వెతికి చూస్తాను. తెలియనిది ఎదురైతే మాత్రం తప్పని మూసెయ్యను. పిల్లల చెయ్యి పట్టుకుని చూడటానికి బయల్దేరతాను.