తండ్రి పేరు: తెలియదు

2022 జనవరిలో డెనీస్ అనే నర్సు అమెరికాలో, ప్లేనోలోని మా ఇంటికి వచ్చింది. గరాజ్ పక్కనున్న చిన్న గదిలో నా ఎదురుగా కూర్చుంది. ఆ గదే నా ఆఫీసు. నేను జీనియాలజిస్ట్‌ని. ఇతరుల వంశవృక్షాలు వెతికి, ఎవరు ఎవరి బిడ్డో కాగితాలతో రుజువు చేసి పెట్టడం నా పని. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ వదిలేసి ఇందులోకి దిగినప్పుడు తెలుగువాళ్ల పార్టీల్లో అందరిదీ ఒకటే ప్రశ్న, చచ్చిపోయినవాళ్లని వెతకడం కూడా ఉద్యోగమేనా అని. బతికున్నవాళ్లకంటే వాళ్లే నయం, పిలిచినా పలకరు, విసిగించరు అని నేను నవ్వుతూ జవాబు చెప్పేదాన్ని. ఈ కేసు తర్వాత ఆ జవాబు చెప్పడం మానేశాను.

డెనీస్ వాళ్లు చోక్టా తెగవాళ్లు. ఈ దేశపు మూలవాసుల్లో అదొక పెద్ద తెగ. మాకు ఉత్తరాన, ఓక్లహోమాలో ఆగ్నేయ మూలనున్న కొండల్లో వాళ్ల ఊళ్లు ఉంటాయి. కారులో మూడు గంటల దారి. డెనీస్ వాళ్లమ్మ లొరెట్టాకి ఎనభై ఒక్కేళ్లు, గుండె బాగా బలహీనపడింది. పుట్టిన దగ్గర్నుంచీ చోక్టా మాట, చోక్టా పాట, చోక్టా చర్చి తప్ప ఆవిడకి వేరే లోకం లేదు. అయినా తెగ సభ్యుల పట్టికలో ఆవిడ పేరు లేదు. పోయేలోపు ఆ పేరు ఎక్కాలని ఆవిడ కోరిక.

సభ్యత్వం కావాలంటే డాస్ రోల్స్‌లో ఉన్న ఒక మనిషికి నేరుగా సంతానమని చూపించాలి. డాస్ రోల్స్ అంటే తెగవాళ్లకి భూములు పంచడానికి ప్రభుత్వం తయారుచేసిన జాబితా. దాన్ని 1907లో మూసేశారు. లొరెట్టా తండ్రి ఏమస్ (పేర్లన్నీ మార్చాను) ఆ తర్వాతి ఏడాది పుట్టాడు, కాబట్టి అందులో లేడు. ఏమస్ తల్లి సేలీ మిసిసిపీ నుంచి ఆలస్యంగా వచ్చింది, ఆమె పేరూ ఎక్కలేదు. ఇక మిగిలింది ఏమస్ తండ్రి. ఆయన పేరు ఇంట్లో ఎవరికీ తెలియదు.

మా పనిలో వైటల్ రికార్డ్స్ అనే మాట పదిసార్లు వినిపిస్తుంది. పుట్టుక, పెళ్లి, చావు పత్రాలని అర్థం. ఆ కొండల్లో ఆ రోజుల్లో మంత్రసాని చేతుల్లో పుట్టేవాళ్లు, చర్చి పెరట్లో మట్టిలో కలిసేవాళ్లు. మధ్యలో కాగితం ఉండేది కాదు. దొరికిన ఒకే ఒక్క పత్రం ఏమస్ మరణ ధ్రువీకరణ. అందులో తండ్రి పేరు ఉండాల్సిన చోట 'తెలియదు' అని ఉంది. ఆ మాట ఎవరు చెప్పారని డెనీస్‌ని అడిగితే, వాళ్లమ్మే చెప్పిందంది. ఏమస్ తండ్రి ఎవరో తెలియకపోవడం వల్ల ఊళ్లో సేలీ గురించి ఏవేవో అనుకునేవారట. లొరెట్టా వాటిని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగింది. ఆవిడకి తెగ సభ్యత్వ కార్డు ఎంత ముఖ్యమో నాయనమ్మ మీద పడిన మచ్చ చెరిగిపోవడమూ అంతే ముఖ్యమని నాకు అప్పుడు అర్థం కాలేదు.

కాగితాలు లేనప్పుడు మేం శ్మశానాలకి వెళ్తాం. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ముగ్గురం ఆ కొండల్లోకి వెళ్లాం. పైన్ చెట్ల మధ్య పొగమంచు పన్నెండు దాటినా వీడలేదు. పాత చోక్టా సమాధుల మీద చిన్న చిన్న కర్ర ఇళ్లు కడతారు. మనిషి నడుం దాకా వచ్చే ఇళ్లు. వాలు కప్పు, పెంకుల్లాంటి చెక్క పలకలు, తలుపు ఉండదు. అలాంటివి ఒక ఇరవై, గడ్డిలో మునిగి, కొన్ని ఒక పక్కకి ఒరిగిపోయి. పట్టపగలు, పక్కన మనుషులున్నారు, అయినా భయమేసింది.

నాకొక అలవాటు ఉంది. సమాధి రాళ్ల మీద ఉన్న పేర్లు ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటూ గట్టిగా చదువుతాను. ఫొటోలో అక్షరాలు సరిగ్గా రాకపోయినా గొంతులో ఉంటాయి. అలా చదువుతూ వరసలు తిరిగాను. ఒక సమాధి ఇంటి ముందు పేరున్న రాయే లేదు. 'పేరు లేదు' అని రికార్డ్ చేసి ముందుకి నడిచాను. తిరిగి చూస్తే లొరెట్టా, డెనీస్ గేటు అవతలే ఆగిపోయి ఉన్నారు. కారెక్కాక లొరెట్టా అంది.

"పోయినవాళ్లని పేరు పెట్టి పిలవకూడదు, హనీ. పిలిస్తే ఆగి వెనక్కి చూస్తారు. మళ్లీ వాళ్ల దారి వాళ్లకి దొరకదు."

నేను క్షమించమన్నాను. మనసులో మాత్రం పెద్దావిడ చాదస్తం అనుకున్నాను. మర్నాడు ఉదయం ఆఫీసులో కూర్చుని పేర్లు టైప్ చేద్దామని రికార్డింగ్ పెట్టాను. నా గొంతు ఒక పేరు చదివింది. ఒక్క క్షణం ఆగి, ఎవరో ఊ కొట్టారు. తర్వాతి పేరుకీ అంతే. కథ వింటున్న పిల్లలు కొట్టే ఊ కాదు, ఇంటి వెనకనుంచి పిలిస్తే పలికే ఊ. గాలి అనుకున్నాను, నా జాకెట్ రాపిడి అనుకున్నాను. 'పేరు లేదు' అన్న చోటుకి వచ్చింది. అక్కడ ఏమీ వినబడలేదు. చుట్టూ ఉన్న గాలి చప్పుడు కూడా ఆగింది. ఫోన్ బోర్లా పెట్టేసి, వంటింట్లోకి వెళ్లి అమ్మ పక్కన నిలబడ్డాను. నాన్న పోయాక అమ్మ తెనాలి నుంచి ఆరు నెలలకని వచ్చి ఉంది. ఎందుకే అలా ఉన్నావు అంటే ఏం లేదన్నాను.

మార్చిలో ఫోర్ట్ వర్త్ వెళ్లి, అక్కడి ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో మూలవాసుల పిల్లల పాత బోర్డింగ్ స్కూల్ కాగితాలు తిరగేశాను. రెండో రోజు ఏమస్ అడ్మిషన్ ఫారం దొరికింది. ఎనిమిదేళ్లు, తల్లి సేలీ, వేలిముద్ర. తండ్రి పేరు ఉండాల్సిన గడిలో గుమాస్తా చక్కటి చేతిరాతతో రాశాడు: 'తల్లికి తెలియదు'. దొరికినందుకు గర్వపడి, ఆ కాపీ జతచేసి, అదే వాక్యం నా రిపోర్టులో రాసి పంపాను. దారి మూసుకుపోయిందని కూడా రాశాను. ఆ తర్వాత మూడు వారాలు వాళ్ల దగ్గర్నుంచి ఫోన్ లేదు. చివరికి డెనీస్ చేసింది. వాళ్లమ్మ ఆ కాగితం చదివి, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుందట, సరిగా తినడం లేదట. నా పని నేను చేశానని సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధమని నాకు లోపల తెలుసు.

ఆ వారమే అమ్మని బీపీ చూపించడానికి క్లినిక్‌కి తీసుకెళ్లాను. కొత్త పేషెంట్ కాబట్టి నర్సు ప్రశ్నలు అడుగుతోంది. ఇంతలో నాకు ఫోన్ వస్తే బయటికి వెళ్లి మాట్లాడి వచ్చాను. పది నిమిషాల్లోనే డాక్టర్ అమ్మకి జ్ఞాపకశక్తి పరీక్ష పెడుతున్నాడు. గడియారం బొమ్మ గీయమన్నాడు, మూడు మాటలు గుర్తుపెట్టుకోమన్నాడు. ఏమిటని అడిగితే, ఈవిడకి భర్త పేరు గుర్తు లేదు అన్నారు. కారులో అమ్మ ముఖం ఎర్రగా ఉంది.

"యాభై రెండేళ్లు కాపరం చేశానే. ఆయన పేరు నాకు తెలీదని రాసుకుందా ఆ పిల్ల?"

"చెప్పొచ్చు కదమ్మా."

"నా నోటితో ఎట్టా చెప్తాను? నువ్వు పక్కనుంటే చెప్పేదానివి."

నేను కారు పార్కింగ్ లాట్‌లోనే ఆపేశాను. అమ్మ నోటి వెంట నాన్న పేరు నేను ఎప్పుడూ వినలేదు. బ్యాంకులో, రేషన్ షాపులో, పెళ్లి పత్రికలు పంచేటప్పుడు, ఎక్కడైనా ఎవరైనా అడిగితే అమ్మ పక్కవాళ్ల వైపు చూసేది, వాళ్లు చెప్పేవాళ్లు. అలాంటి ఇంట్లో పెరిగి, పోస్ట్‌గ్రాడ్యుయేషన్ చదివి, 'తల్లికి తెలియదు' అని ఎవరో గుమాస్తా రాస్తే నమ్మేశాను. నాకు నా మీదే అసహ్యం వేసింది. అక్కడి నుంచే డెనీస్‌కి ఫోన్ చేసి, వాళ్లమ్మని ఒక్క మాట అడగమన్నాను. మీ పాతకాలపు ఆడవాళ్లు భర్త పేరు పలికేవాళ్లా అని. డెనీస్ ఫోన్ వాళ్లమ్మకే ఇచ్చింది. లొరెట్టా గొంతు వినబడింది.

"మా అమ్మ మా నాన్నని ఎప్పుడూ లొరెట్టా వాళ్ల నాన్న అనే అనేది. పేరు అనగా నేను వినలేదు. నువ్వు ఎందుకు అడుగుతున్నావు?"

మళ్లీ ఫోర్ట్ వర్త్ వెళ్లాను. ఈసారి సేలీ కాగితం కాదు, సేలీ పక్కన నిలబడిన మనిషి కాగితం కావాలి. కొండల్లోంచి అంత దూరం ఒక ఆడమనిషి ఒంటరిగా వచ్చి ఉండదు. ఫారాలకి వరస నంబర్లు ఉన్నాయి. ఏమస్ తర్వాతి నంబర్, అదే తేదీ, అదే సిరా, అదే ఊరు. ఇంకొక తల్లి తన కూతుర్ని చేర్పించింది. ఈ స్కూల్లో బంధువులు ఉన్నారా అన్న గడిలో రాసి ఉంది: 'ఏమస్, చనిపోయిన మా అన్న కొడుకు'. అన్న పేరు, ఇంటిపేరుతో సహా. పోయినవాళ్ల పేరు ఆమే అందో, తోడొచ్చినవాళ్లు చెప్పారో కాగితంలో లేదు.

అదే గుమాస్తా అదే పేనాతో, బహుశా అయిదు నిమిషాల తర్వాత రాసిన పేరు అది. మొదటి ఫారం మీద ఎందుకు దిద్దలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అతన్ని అడగడానికి లేదు. ఆ పేరు డాస్ రోల్స్‌లో ఉంది. వయసు సరిపోయింది, ఊరు సరిపోయింది. కౌంటీ కోర్టులో ఆయన భూమి ప్రొబేట్ ఫైల్, అంటే వారసత్వం తేల్చిన ఫైల్, దుమ్ములో దొరికింది. భార్య ఒకతె, కొడుకు ఏమస్ ఒక్కడే అని జడ్జి సంతకం ఉంది. ఇక కార్డుకి అడ్డం ఏమీ లేదు.

ఏప్రిల్‌లో నేనే కారేసుకుని వెళ్లాను. లొరెట్టా వరండాలో దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది, డెనీస్ మెట్ల మీద. కాపీలు ఒక్కొక్కటే చేతికిచ్చాను. ఆవిడ అద్దాలు పెట్టుకుని రెండో ఫారం మీద ఆ గడి దగ్గర ఆగింది. పెదాలు కదిలాయి కానీ శబ్దం రాలేదు. నా వైపు చూసింది.

"నేను అనకూడదు. నువ్వు అను. ఒక్కసారి చాలు, మెల్లగా."

శ్మశానంలో పేర్లు గట్టిగా చదివిన నేను ఆవిడ చెవి దగ్గరికి వంగాను. మెల్లగా, ఒక్కసారి అన్నాను. ఎండ బాగా కాస్తోంది, గాలి లేదు. మెట్ల కింద పడుకున్న ముసలి కుక్క లేచి, ఎవరూ లేని గేటు వైపు చూస్తూ తోక ఊపింది. తెలిసినవాళ్లు వస్తే ఊపినట్టే. డెనీస్ నన్ను చూసింది, నేను డెనీస్‌ని చూశాను. కాసేపటికి కుక్క ఎవరినో లోపలికి పంపినట్టు పక్కకి జరిగి మళ్లీ పడుకుంది.

లొరెట్టా అటు చూడలేదు. మొదటి ఫారం కాపీ, పెన్ను అడిగింది. 'తల్లికి తెలియదు' అన్న మాట మీద గీత కొట్టేసి, కింద రాసింది: 'మా నాయనమ్మకి తెలుసు'. పత్రాల మీద ఎవరూ పెన్ను పెట్టకూడదని నేను అందరికీ చెబుతాను. ఆ రోజు చెప్పలేదు. ఆవిడ ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

కార్డు వేసవిలో వచ్చింది. లొరెట్టా దాన్ని చేతిలో పట్టుకుని చూసుకుంది. శీతాకాలం రాకముందే పోయింది.

ఇప్పుడు ఏ కాగితంలోనైనా 'తెలియదు' కనిపిస్తే దాన్ని జవాబుగా రాసుకోను. ఎవరు అడిగారు, ఎవర్ని అడిగారు, అప్పుడు పక్కన ఎవరు నిలబడ్డారు అని ముందు చూస్తాను. శ్మశానాల్లో పేర్లు గట్టిగా చదవడం మానేశాను, రాసుకుంటాను. మిగతావాళ్లకి మారుపేర్లైనా పెట్టాను కానీ, ఏమస్ తండ్రికి అదీ పెట్టలేదని మీరు గమనించే ఉంటారు. తెలియక కాదు.