మరిగే కుండకు బోరు నీళ్లు

పాలమూరు నుంచి మర్రిగూడ పక్క ఊరికి కోడలిగా వచ్చినప్పుడు, వంటింట్లో అత్తమ్మ నాకు మొదట నేర్పింది నీళ్ల సంగతి. రాష్ట్రం వచ్చాక ఇంటింటికీ నల్లా పెట్టారు. ఆ నీళ్లు తాగడానికి మాత్రమే. పొయ్యి మీద మరిగే దేనికైనా బోరు నీళ్లే. బోరులో ఫ్లోరైడు ఉందని ఊరందరికీ తెలుసు. కానీ బాగా మరగబెడితే ఆ దోషం పోతుందని అత్తమ్మ నమ్మకం. మా వాడకట్టు ఆడవాళ్లంతా అట్లాగే అనుకునేవాళ్లు.

చలికాలం రాగానే ఆమె ఒక చారు కాచేది. పచ్చి కందిగింజలు, చిక్కుడుకాయలు, సొరకాయ ముక్కలు, టమాటలు వేసి, ఎల్లిగడ్డా మిరియాలూ దంచి కలిపి, చివర కాస్త జొన్నపిండితో చిక్కబరిచేది. పట్నంలో సూపంటారు. మా ఇంట్లో దాని పేరు ‘తాగే కూర’. మా ఆయన చిన్నప్పుడు పెట్టిన పేరట. నాకు తొందరెక్కువ. ఉడికింది కదా అని దించబోతే, ఇంకా నీళ్ల విషం విరగలేదని నా చేతిలోంచి గరిటె లాక్కునేది. కుండ సగానికి ఇంకితే మళ్లీ బోరు నీళ్లు పోసి మరిగించేది. కొడుకును ఆ చారుతోనే కాపాడుకున్నానని అందరితో చెప్పేది.

కాపాడుకున్నది ఎంతో నాకు కనబడుతూనే ఉంది. మా ఆయనకు నలభై రాకముందే మోకాళ్లు వంగడం మానేశాయి. పళ్లు చిన్నప్పటి నుంచీ గోధుమ రంగే. ఆయన వరకు నల్లా రావడం చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది.

ఒక చలికాలం సాయంత్రం, నీళ్ల పరీక్షలకు ఊళ్లు తిరిగే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. చలికి వణుకుతుంటే అత్తమ్మ ఆమెకు గ్లాసు నిండా చారు పోసిచ్చి, తన మరగబెట్టే పద్ధతి గొప్పగా చెప్పుకుంది. ఆ అమ్మాయి గ్లాసు కింద పెట్టి మెల్లగానే చెప్పింది. ఫ్లోరైడు మరిగితే పోదట. నీళ్లు ఇంకేకొద్దీ ఇంకా చిక్కబడుతుందట.

అత్తమ్మ మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చున్న కొడుకు వైపు చూసింది.

“నేను మందనుకొని తాపిన గదా బిడ్డ,” అంది.

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక, నిజం చెప్పిన ఆ అమ్మాయి మీదే తెచ్చుకున్నాను.

ఆ రోజు కుండెడు చారూ పెరట్లో పారబోసి, అత్తమ్మ పొయ్యి దగ్గరికి రావడం మానేసింది. గడప బయట కూర్చుని కందికాయలు ఒలిచిచ్చేది, అంతే. నల్లా నీళ్లతో నేనే కాచాను. ఆయన తాగాడు గానీ బాగుందని ఒక్కనాడూ అనలేదు. తల్లి చేతి చారు కావాలని రెండుమూడు సార్లు ఆమెనే అడిగాడు. ఆమె విననట్టే ఉండేది. కొడుక్కి మళ్లీ తన చేత్తో పెట్టకుండానే పోతుందేమోనని నాకు భయం పట్టుకుంది.

సంక్రాంతి దగ్గరపడేసరికి చలి ముదిరింది. ఒక పొద్దున ఆయన కాళ్లు బిగుసుకుపోయి మంచం దిగలేకపోయాడు. పళ్ల బిగువున మూలుగు ఆపుకుంటున్నాడు. అత్తమ్మ అది చూసి, వంటింట్లోకి వచ్చింది. నల్లా నీళ్ల బిందె వంచి కుండ నింపింది. చిక్కుళ్లు తుంచింది, ఎల్లిగడ్డ దంచింది. నేను పక్కకు జరిగి జాగా ఇచ్చాను.

చారు కుతకుతా తెర్లసాగింది. ఇల్లంతా మిరియాల ఘాటు. ఆమె గరిటె పట్టుకుని నా వైపు తిరిగింది.

“ఇగ దించాల్నా బిడ్డా? నువ్ జెప్పు.”

ఆమె కందిగింజ ఒకటి తీసి వేళ్లతో నొక్కి చూసింది. ఉడికిందని ఆమెకు నాకంటే బాగా తెలుసు. అయినా నేను తలూపేదాకా కుండ దించలేదు.