బ్లేడు వీపు చెప్పిన సంగతి

పుంగనూరులో మా వడ్రంగి షాపు ముందు భాగం, ఇల్లు వెనక భాగం. మధ్యలో ఒక్క గోడే. మా ఆయన నడుముకు ఆపరేషన్ అయి, మూడు నెలలు మంచం దిగకూడదని డాక్టరు చెప్పాక, షాపులో చెక్కలు కోసే బ్యాండ్‌సా మిషను నా మీద పడింది.

అంతవరకు నేను చేసిందల్లా పాలిష్ పట్టడం, కొలతలు రాసిపెట్టడం. నాది కుప్పం. మా నాయన అక్కడ టింబర్ డిపోలో దుంగలు మోసేవాడు కాబట్టి ఏది వేపో ఏది టేకో వాసన చూసి చెప్పగలను. మిషను మాత్రం ఎప్పుడూ ముట్టలేదు. అది మా ఆయనది.

చౌడేపల్లెలో పాల వ్యాపారం చేసే ఒకాయన కొత్త ఇల్లు కడుతూ, దేవుడి గది వాకిలి పైన వంపుగా నిలిచే టేకు కమాను చేసిమ్మని అడిగాడు. పలక కూడా ఆయనే ఇచ్చాడు. వాళ్ళ పాత ఇంటి దూలంలోంచి కోయించింది. పాడైతే అలాంటిది ఇంకొకటి దొరకదు. గృహప్రవేశానికి నెల రోజులే ఉంది. పని ఇంకెవరికైనా ఇచ్చేద్దామన్నాడు మా ఆయన. నేను ఒప్పుకోలేదు.

"మిషను జోలికి పోవద్దు. నీకు తెలీదు."

"తెలీకుంటే నేర్చుకుంటా. నువ్వు పడుకో."

చూడడానికి పెద్ద కష్టమేమీ కాదనిపించింది. పైన ఒక చక్రం, కింద ఒక చక్రం, వాటి చుట్టూ బెల్టులా తిరిగే పళ్ళ బ్లేడు. కొత్త బ్లేడు ఎక్కించి ఒక వేప ముక్క పెట్టి కోశాను. గీత మీద పోవలసింది ఎడమకు లాగేసింది. పది నిమిషాలకు టపాకాయ పేలినట్టు శబ్దం వచ్చి బ్లేడు తెగింది. మర్నాడు రెండోదీ తెగింది. గోడ అవతలి నుంచి మా ఆయన కేకలు. మిషను ఆపి, బయటికొచ్చి మెట్టు మీద కూర్చున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది. ఆపరేషన్‌కు ముందు ఆయన చేతిలోనూ బ్లేళ్ళు ఇలాగే తెగేవి. ఈ మధ్య బ్లేళ్ళు బాగా రావడం లేదని విసుక్కునేవాడు. అంటే తప్పు నా చేతిది ఒక్కటే కాదు. తెగిన ముక్కలు రెండూ గోనెసంచిలో చుట్టుకుని మదనపల్లె బస్సెక్కాను.

అక్కడ బ్లేళ్ళ కొసలు కలిపి అతికే ముసలాయన ఒకరున్నారు. ముక్కలు వెలుతురులో పెట్టి చూశారు.

"అతుకు ఊడిపోయిందా అప్పా?" అన్నాను.

"అతుకు గట్టిగానే ఉండాది. తెగింది దాని పక్కన. ఈ వీపు మీద వేలు పెట్టి సూడు."

పళ్ళకు వెనక వైపు అంచును ఆయన వీపు అంటున్నారు. అది అద్దంలా నున్నగా అరిగి, అక్కడక్కడ నీలంగా కమిలి ఉంది.

"ఎనక బేరింగు తిరగతాండాదా?"

"తెలీదప్పా."

"తెలీకుండా యాల నడపతాండావమ్మా? కోసేటప్పుడు బ్లేడు ఎనక్కి పోకుండా ఆనుకునేది దానికే. అది బిగుసుకుంటే, బ్లేడు రాసుకుని రాసుకుని కాలి తెగతాది. బ్లేడును తిట్టి ఏం లాభం?"

తన మిషను దగ్గరికి తీసుకుపోయి, ముందు ప్లగ్గు పీకించారు. చక్రాన్ని చేత్తో తిప్పించారు. బ్లేడు చక్రం మధ్యలో నడవాలి. బ్లేడు పక్కకు పోకుండా రెండు వైపులా ఉండే గైడ్లకూ బ్లేడుకూ నడుమ ఒక కాగితం మందం సందు ఉండాలి. కోయనప్పుడు వెనక బేరింగు బ్లేడుకు తగలకూడదు. నేను అలా సరిచేసి పెడితే ఆయన విప్పేశారు. మళ్ళీ పెడితే మళ్ళీ విప్పేశారు.

"ఇంగోసారి సెయ్యి. నేను సేసి పెడితే ఈడనే మర్చిపోతావు."

నాలుగోసారికి తల ఊపారు.

ఇంటికొచ్చి మా మిషను విప్పితే, బేరింగు రవ్వంత కూడా కదల్లేదు. దాని ముఖం మీద బ్లేడు కోసిన గాడి ఉంది. కింది చక్రానికి రంపపు పొట్టు, జిగురు కలిసి రాయిలా పట్టుకుని ఉంది. దాన్ని గీకడానికే సగం రోజు పట్టింది. కొత్త బేరింగు బిగించి, బ్లేడు ఎక్కించి, చేత్తో తిప్పాను. బ్లేడు ముందుకు జారింది. పై చక్రం వెనకుండే మర బోల్టును కాస్త తిప్పితే వెనక్కి పోయింది. మళ్ళీ తిప్పాను. మధ్యలో నిలబడేసరికి పొద్దు వాలింది.

మర్నాడు స్విచ్ వేస్తే టక్ టక్‌మని చప్పుడు. గోడ అవతలి నుంచి మా ఆయన గొంతు వినిపించింది.

"అతుకు వచ్చినప్పుడంతా తగలతాండాది. పక్క గైడు మరీ దగ్గర పెట్టినావు. రవ్వంత జరుపు."

వద్దు అనకుండా ఆయన మిషను గురించి మాట్లాడడం అదే మొదలు. ఆపి, ప్లగ్గు పీకి, కాగితం పెట్టి సందు సరిచేశాను.

"ఇప్పుడో?"

"ఇప్పుడు బాగుండాది. కోసుకో."

వేప ముక్క గీత మీదే నడిచింది. తర్వాత వారం రోజులు పనికిరాని చెక్కల మీద వంపులు కోస్తూనే ఉన్నాను. వంపులో చెక్కను తోయకూడదని, బ్లేడు ఎంత తింటే అంతే ఇవ్వాలని అర్థమయ్యాకే టేకు పలక తీశాను. కమాను నడినెత్తిన ఒక్క క్షణం చెయ్యి తడబడి కోత గీత దాటింది. అదృష్టం, తీసిపారేసే చెక్క వైపుకే దాటింది. ఆకురాయి పడితే సరిపోయింది.

చౌడేపల్లె ఆయన వచ్చి కమాను లోపలి అంచంతా వేలితో తడిమి, మంచం మీదున్న మా ఆయనను అడిగాడు.

"ఎవురప్పా కోసింది?"

"ఇంగెవురు? మా ఇంటామే. నేను ఈన్నే పడుండాను గదా," అన్నాడు మా ఆయన. ఆ మాటలో నవ్వు ఉంది. నేను కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళాను.

నాలుగో నెలలో ఆయన షాపులోకి నడిచొచ్చి, అలవాటు కొద్దీ పై చక్రం మర మీద చెయ్యి వేశాడు.

"దాన్ని కదిలించొద్దు. కుదిరి ఉండాది," అన్నాను.

నా వైపు చూశాడు. చెయ్యి తీసి, ఉలి అందుకుని కూర్చున్నాడు. ఇప్పుడు కోత నాది, బిగింపు పని ఆయనది. ఆయన బరువులు ఎత్తకూడదు కాబట్టి దుంగలకు మాత్రం మనిషిని పిలుస్తాం. పోయిన నెల కూడా ఒక బ్లేడు తెగింది. తెగిన చోటు చూసే ముందు దాని వీపు మీద వేలు పెట్టి చూశాను. గరుకుగానే ఉంది, అంటే బేరింగుకు రాసుకోలేదు. ఇది నిజంగా పాతబడి తెగిందే.