ఊరి కుప్ప

మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఒక ఆదివారం పొద్దున ఫొటో ఒకటి పడింది. మా వెనకాల పారే మూసీ ఫొటో అది, నీళ్ళ మీద దుప్పటి పరిచినట్టు తెల్లటి నురగ. కింద అసోసియేషన్ ప్రెసిడెంటు గారు ఇంగ్లీషులో పెద్ద సందేశం రాశారు. సారాంశం ఏమిటంటే ఇది నది కాదు, మురుగు కాలువ. ఇందులో చేపలు లేవు, పట్టేవాళ్ళూ లేరు. కాబట్టి ఒడ్డు పొడుగునా కంచె వేయించి, మనం నడవడానికి ఒక బాట చేయించుకుందాం. ఆ సందేశం కింద వరసగా బొటనవేళ్ళు లేచాయి.

ఆ నురగ వెనకాల రెండు బండలున్నాయి. వాటి మధ్య నీళ్ళు నల్లగా నిలిచి ఉన్నాయి. అది మా మడుగు. మా తాత వల వేసింది అందులోనే, మా నాన్న వేసిందీ అందులోనే. నా ఇంజనీరింగు చదువు సగం ఆ మడుగులోంచే వచ్చింది. పట్టేవాళ్ళు లేరట! నాకు ఒళ్ళు మండింది.

నాకు కోపం ఎక్కువని ఆఫీసులో పేరుంది. హైటెక్ సిటీలో ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం కాబట్టి ఆ కోపానికి నెలనెలా జీతం కూడా ఇస్తారు. ఆ రోజు మాత్రం గ్రూపులో ఏమీ రాయలేదు. చెప్పులేసుకుని మా అమ్మ దగ్గరికి నడిచాను.

అమ్మ ఉండేది మణికొండ కింద, ఏటి ఒడ్డున, పాత ఊరిలో మిగిలిన నాలుగు గల్లీల్లో. అపార్టుమెంటుకు రమ్మంటే రాదు. లిఫ్టులో చేపల వాసన వస్తోందని ఎవరో మొహం తిప్పుకున్నారట, ఆ ఒక్కసారితో సరి. రోజూ పొద్దున మార్కెట్‌కి పోయి ఐసులో వచ్చిన కోస్తా చేపలు తెచ్చి రోడ్డు పక్కన అమ్ముతుంది. ఏటి పక్కన పుట్టి, ఐసు చేపలు అమ్మి బతకాల్సి రావడం ఆమెకు తీరని రోషం. ఎవరైనా “తాజావేనా?” అని అడిగితే, “మీరు తాగే నీళ్ళు తాజావైతే ఇవి గూడ తాజావే” అంటుంది. అయినా జనం ఆమె దగ్గరే కొంటారు.

ఫొటో చూపించాను. చదివి వినిపించాను. అమ్మ కత్తిపీట పక్కకు జరిపింది.

“ఈ యేడు వల వడ్డదా?” అంది.

పడలేదు. అసలు సంగతంతా అక్కడే ఉంది.

మా మడుగుకు ఒక కట్టుబాటు ఉంది. కాగితం మీద లేదు గాని, మా వాళ్ళందరికీ తెలుసు. ఏడాదికి ఒక్కసారైనా, మృగశిర కార్తె లోపల, నీళ్ళు తగ్గినప్పుడు అందరూ కలిసి లాగుడు వల వేయాలి. ఇంటికొకరు తాడు పట్టాలి. పట్టని ఇంటికి ఆ ఏడు కుప్ప లేదు. ఒక్కరూ పట్టకపోతే మడుగును విడిచినట్టే, ఆపైన దాని మీద మాకు మాట ఉండదు. వలలో ఏది పడినా మొత్తం ఒడ్డుకు చేర్చి సమానంగా కుప్పలు పోయాలి, ఒడ్డున ఏదీ వదిలి రాకూడదు. ఇళ్ళకు పోను ఒక కుప్ప ఊరికి తీయాలి. చేపలు పట్టని రైతులకు, చాకళ్ళకు, కుమ్మర్లకు ఆ కుప్ప. నీళ్ళు ఊరివి గనక ఊరికి వాటా. అన్నిటికన్నా మంచి చేప ఆ కుప్ప మీద పెట్టాలి. చిన్నప్పుడు ఆ మంచి చేప మా ఇంటికి రాదని నేను ఏడ్చేదాన్ని.

మధ్యాహ్నం ఇద్దరం మామ దగ్గరికి పోయాం. మామ అంటే అమ్మకు అన్న, మా చేపలవాళ్ళ సంఘానికి పెద్ద. ఒడ్డున ఆయనకు కొంచెం పొలం ఉంది. ఒకప్పుడు అందులో వరి పండేది. ఈ నీళ్ళు పారడం మొదలయ్యాక గింజ పట్టక వరి మానేశాడు. తర్వాత ఆకుకూర వేశాడు, ఎక్కడ పండిందో తెలిశాక ఎవరూ కొనలేదు. ఇప్పుడు బర్రెల గడ్డి పెంచుతున్నాడు. మేం పోయేసరికి గట్టు మీద కూర్చుని దురదపెడుతున్న పిక్కలకు కొబ్బరినూనె రాసుకుంటున్నాడు.

“ఇగ చాలు చెల్లే” అన్నాడు. “గా నీళ్ళల్ల దిగితే నెల రోజులు గోకుడే. ఏమొస్తది వలల? పోరగాళ్ళు కార్లు నడుపుతున్నరు, గేట్లకాడ కూసుంటున్నరు. ఎవడొస్తడు? కంచె ఏస్తమంటున్నరు, ఏసుకోనీ.”

“నీళ్ళు ఖరాబైతే మడుగు పరాయిదైతదా?” అంది అమ్మ. “నీ కాళ్ళు ఖరాబైనయి. కోసి పారేస్తున్నవా? నూనె రాస్తున్నవ్ గద!”

మామకు నవ్వొచ్చింది, కాని ఆపుకున్నాడు. “నీ ఇంట్ల మొగోడు లేడు. తాడు ఎవడు వడతడు?”

ఆడవాళ్ళం చేపలు అమ్ముతాం, తోముతాం, ఎండబెడతాం. వల ముట్టం. ఎందుకు ముట్టమో ఎవరూ చెప్పరు. అమ్మ నా వైపు చూసింది.

“నేను పడతాను” అన్నాను. ముందుగా అనుకున్న మాట కాదు.

“ఆఫీసు పిల్ల పడతదట!” అన్నాడు మామ.

“ఆమెనే కాదు, నేను గూడ పడత” అంది అమ్మ. “ఆడదో మొగోడో చేపకేం ఎరుక? నువ్వొస్తవా రావా, గది చెప్పు.”

మామ వచ్చాడు. చెల్లెలు నీళ్ళలో దిగుతుంటే గట్టు మీద కూర్చునే మొహం ఆయనకు లేదు. ఆ శనివారం పొద్దున, మృగశిర కార్తె ముందురోజు, ఏడెనిమిది ఇళ్ళవాళ్ళు చేరారు. కొందరు సెక్యూరిటీ యూనిఫాం ప్యాంటు మడిచి దిగారు. నేను కాళ్ళకు ప్లాస్టిక్ కవర్లు చుట్టుకుంటే అమ్మ చూసి, “పెండ్లికూతురు తయారైంది” అని ఎగతాళి చేసింది. మొదటి అడుగుకే కవర్లు చిరిగాయి.

ఆ నీళ్ళ గురించి ఒక్క మాట చెప్పాలి. అవి వెచ్చగా ఉన్నాయి. మోకాళ్ళ దాకా దిగగానే సబ్బు వాసన, దాని వెనక ఇంకో వాసన. ఆ సబ్బు ఏదో నేను గుర్తుపట్టాను, మా అపార్టుమెంటులో సగం మంది వాడేదే. మా మురుగును శుభ్రం చేసే యంత్రాన్ని కరెంటు బిల్లు దండగని ఆపేసి, పైపును నేరుగా ఏట్లో కలిసే నాలాలోకి వదిలారు. మీటింగులో నేను రెండుసార్లు అడిగాను, చూద్దామన్నారు. ఎన్నో గేట్ల వెనక ఇదే కథ. అసహ్యం కన్నా కోపమే ఎక్కువగా వచ్చి, ఆ కోపంతోనే తాడు గుంజాను. అరచేతులు ఒలిచినట్టయ్యాయి. అమ్మ నా ముందు, నడుం దాకా నీళ్ళలో, చీర గోచీ పెట్టుకుని, మామ కన్నా గట్టిగా కేకలేస్తూ లాగింది.

వల బరువుగా వచ్చింది. అందరి మొహాలూ వెలిగాయి. ఒడ్డుకు చేరాక చూస్తే గుర్రపుడెక్క, పాల కవర్లు, పిల్లల డైపర్లు, షాంపూ డబ్బాలు, భోజనం ఆర్డరిస్తే వచ్చే నల్లటి ప్లాస్టిక్ డబ్బాలు. వాటి మధ్య ఎంత మురికినైనా ఓర్చుకునే జిలేబీ చేపలు కొన్ని ఎగిరిపడుతున్నాయి. అడుగున, బురదలో, మూరెడు కొర్రమట్ట ఒకటి తోక కొట్టింది.

“బతికే ఉన్నదే!” అన్నాడు మామ. ఆ మనిషి కళ్ళలో నీళ్ళు నేను అత్త పోయినప్పుడు చూశాను, మళ్ళీ అప్పుడు చూశాను.

ఎవరో చేపలు ఏరుకుని చెత్తను నీళ్ళలోకి తొయ్యబోయారు. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆగుండ్రి. వలల వడ్డది మొత్తం కుప్పలు పొయ్యాలె. కట్టుబాటు గదే గద?”

“చెత్త గూడనా?”

“వలల వడ్డదా లేదా?”

పడింది. కుప్పలు పోశాం. ఇంటికొక కుప్ప, అందులో నాలుగు జిలేబీలు, మిగతాదంతా మీకు తెలుసు. చివరికి ఊరి కుప్ప పోశాం. ఊరు ఎవరిప్పుడు? రైతులు అమ్ముకుని పోయారు, చాకళ్ళు మియాపూర్ వైపు కిరాయి ఇళ్ళకు పోయారు. మామ ఆలోచనలో పడ్డాడు. అమ్మ పైకి చూసింది. ఒడ్డు మీద మా అపార్టుమెంటు పద్నాలుగు అంతస్తులతో నిలబడి ఉంది.

“గదే ఊరు” అంది.

మా ఇంటి జిలేబీలను అమ్మ తినడానికి ఉంచలేదు, అమ్మడానికీ ఉంచలేదు. మడుగులోకే వదిలింది. “పోండ్రి, ఇల్లు కాసుకోండ్రి” అంది వాటితో. మిగతా ఇళ్ళవాళ్ళు తమ కుప్పలు చెత్తతో సహా మోసుకుపోయారు. ఊరి కుప్పను మాత్రం సాయంత్రం ట్రాలీ ఆటోలో ఎక్కించాం. కొర్రమట్టను బకెట్ నీళ్ళలో వేసి పైన పెట్టాం, కట్టుబాటు ప్రకారం.

మా గేటు ముందు కుప్ప పోస్తుంటే వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు, నన్ను చూసి ఆగాడు. బురద బట్టలతో గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. సాయంత్రం నడకకు దిగినవాళ్ళు ముక్కు మూసుకుని గుమిగూడారు. ప్రెసిడెంటు గారు వచ్చారు. నెల్లూరు మనిషి, మర్యాదస్తుడు, కోపంలో కూడా అండీ అనడం మానరు.

“ఏంటండీ ఇది? ఇక్కడ పోస్తున్నారేంటండీ?”

“ఊరి కుప్ప సార్” అంది అమ్మ. “మా మడుగుల వల వడితే ఊరికి వాటా తీసుడు మా తాతల కాన్నుంచి ఉన్నది. ఇప్పుడు ఊరంటే మీరే గద.”

“చెత్త తెచ్చి వాటా అంటారేంటండీ!”

“మీరు పంపిందే సార్. మా వాటా మేం తీసుకున్నం, అండ్ల మంచిది మీకే తెచ్చినం.”

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన నా వైపు తిరిగారు. “మేడమ్, మీరైనా చెప్పండి.”

“మీరు గ్రూపులో రాశారు కదా సార్, చేపలు లేవు, పట్టేవాళ్ళు లేరు అని” అన్నాను. “పట్టేవాళ్ళం మేము. చేప అదిగో. మా మడుగుకు కంచె వెయ్యాలంటే మా సంఘాన్ని అడగండి. అడిగేముందు పైపు మూయండి.”

అందరూ బకెట్‌లోకి వంగి చూశారు. కొర్రమట్ట నీళ్ళ మీదికొచ్చి ఒక్క గుక్క గాలి తాగి కిందికి పోయింది. ఎవరో ఫొటో తీశారు. ఆ ఫొటో గ్రూపులో పడింది. దాని కింద ఈసారి ఒక్క బొటనవేలూ లేవలేదు. కంచె మాట కూడా మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పైపు సంగతి మాత్రం ఇంకా నడుస్తోంది, నేను ప్రతి మీటింగుకూ పోతున్నాను.

“దీన్ని తీసుకెళ్ళిపోండమ్మా” అన్నారు ఆ సాయంత్రం గేటు దగ్గర ప్రెసిడెంటు గారు చివరికి, నెమ్మదిగా.

“ఊరి కుప్ప వాపస్ తీస్కపోవద్దు సార్” అంది అమ్మ, తట్ట దులుపుతూ. “చేపను తెచ్చి మడుగుల ఇడువుండ్రి. తొవ్వ నా బిడ్డ చూపిస్తది. మిగిలింది మీ ఇష్టం. వచ్చే యేడు మళ్ళ వల వడతది, మీ వాటా మీకు తెస్త.”