రైల్లో నిద్రపోయిన గొర్రెపిల్ల

"భూమి అంత వేగంగా తిరుగుతాందంటివే, ఇంక ఫ్యానెందుకు? ఆపు, కరెంటన్నా మిగుల్తాది" అని నేను. "గాలి గూడా మనతోనే తిరుగుతాదవ్వా, అందుకే మనకు తగల్దు. నీకేం తెల్దు, ఊరుకో" అని ఏడో తరగతి చదివే మా మనవరాలు. నిన్న మధ్యాహ్నం మా ఇంట్లో జరిగిన రభస ఇది. ఫ్యాన్ నేనే ఆపాను. కానీ ఆ పిల్ల మూతి ముడుచుకుని కూర్చుంటే, ఇదే మాట మీద మా నాయన ముందు నేనూ అట్లాగే కూర్చున్న రోజు గుర్తుకొచ్చింది.

మాది గిద్దలూరు దగ్గర పల్లె, గొర్రెల మంద మీద బతికిన ఇల్లు. రెండో తరగతిలో అయ్యవారు భూమి తిరుగుతుందని చెబితే, ఆ సంబరం కడుపులో దాచుకోలేక ఇంటికి పరుగెత్తుకొచ్చి నాయనకు చెప్పాను. నాయన నవ్వలేదు. "ఆకు కదిలినా బెదిరే జీవం గొర్రె. కాళ్ల కింద నేలే తిరుగుతాంటే దానికి తెల్దా? అబద్ధాలు నేర్పే బడి మనకొద్దు. మీ మేనత్త ఇంట్లో పెండ్లి కానీ, వచ్చినాక మందెంట రా" అన్నాడు. వాన రాకనూ తోడేలు జాడనూ గొర్రెలను చూసే పసిగట్టే మనిషికి, వాటిని మించిన సాక్ష్యం ఇంకేముంటుంది? అమ్మ నా పలక తీసి అటక మీద పెట్టేసింది.

మేనత్తది కురిచేడు. తల్లి చచ్చిన గొర్రెపిల్ల ఒకటి ఉంటే, ఇంట్లో పాలు పట్టే దిక్కు లేక దాన్నీ పెళ్లికి తీసుకుపోయాము. తిరుగు రైల్లో అది నాయన ఒళ్లో పడుకుంది. కంభం దాటాక కిటికీలో కొండలన్నీ వెనక్కి పోతుంటే, నా కళ్లలో బొగ్గు నుసి పడుతుంటే, అది చెవి కూడా ఆడించకుండా నిద్రపోయింది. గిద్దలూరులో బ్రేకు పడగానే ఉలిక్కిపడి లేచి అరిచింది.

"నాయనా, రైలు పోతున్నంతసేపూ దానికి తెల్లేదు. ఆగితే తెలిసింది" అన్నాను, దెబ్బ పడుతుందేమోనని కాస్త దూరం జరిగి.

నాయన గొర్రెపిల్లను భుజాన వేసుకుని రైలు దిగి ఊరిదాకా నడిచాడు.

ఆ రైలుకైనా కుదుపులుండేవి. భూమికి అవీ లేవు, స్టేషనూ లేదు. మనల్నీ, గాలినీ, కుండలో నీళ్లనూ కలిపి ఒకే తీరున మోసుకుపోతుంది, ఇంక తెలిసేదెట్లా? నాయన పోయాడు, మంద అమ్మేశాము, ఊళ్లో గొర్రెల అరుపే వినబడకుండా పోయింది. ఇదంతా జరుగుతున్నప్పుడు కూడా నాకు ఏదీ కదిలినట్టు అనిపించలేదు. నేను చదివింది నాలుగు వరకే. అందులో చివరి రెండు తరగతులూ ఆ గొర్రెపిల్ల పుణ్యమే.

పెళ్లి నుంచి వచ్చిన మరునాడు పొద్దున, నేను కర్ర పట్టుకుని దొడ్డి దగ్గర నిలబడ్డాను. నాయన నా చేతిలోని కర్ర తీసుకున్నాడు. అటక మీది పలక దించి నాకిచ్చి, మందను తానొక్కడే తోలుకుపోయాడు.