రెండో వైపు, మూడో పాట

బ్రహ్మచారి సార్‌ను మా వాట్సాప్ గ్రూపులోంచి తీసేసింది నేనే. తీసేయాలని చేతులెత్తింది ఏడుగురు, నొక్కిన వేలు మాత్రం నాది. ఆయన చేసిన నేరం ఒక్కటే. ఎవరూ వినని ఆల్బమ్‌లు వినమని చెప్పేవారు. చెప్పి ఊరుకుంటే భరించేవాళ్లం. విన్నాక ఎక్కడ తల ఊపామో అడిగేవారు.

చిలకలగూడలో ఒక టైలరింగ్ షాపు పైగది మాది. ప్రతి ఆదివారం సాయంత్రం పది పన్నెండు మందిమి చేరి పాటలు వింటాం. ‘ఆదివారం శ్రోతలు’ అని పేరు కూడా పెట్టుకున్నాం. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ టైల్స్ వ్యాపారంలో స్థిరపడిన రామభద్రరావు గారు అధ్యక్షులు. స్పీకర్లు ఆయనవి. నేను కార్యదర్శిని. అందరిలోకి చిన్నవాణ్ని, ఫోను నొక్కడం వచ్చినవాణ్ని. పదవులు ఇంతకంటే గొప్ప కారణాలతో వస్తాయని నేనెక్కడా చదవలేదు.

చారి సార్ లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన లెక్కలో వెయ్యి మంది విన్న పాట చెడిపోయిన పాట. రామభద్రరావు గారు ఏదో పాత హిట్టు పెట్టి కళ్లు మూసుకోగానే ఈయన నా చెవిలో మొదలుపెట్టేవారు.

“మంచిగనే ఉన్నది తమ్మీ. గని తిరుమలగిరిల ఒక బ్యాండు మాస్టర్ ఉన్నడు. క్లారినెట్ మీద ఒక్కటే కేసెట్ తీసిండు. విన్నవా?”

“లేదు సార్.”

“అరె! మరి ఇన్నేండ్లు ఏం జేసినవ్?”

ఆ రాత్రికే కేసెట్ మొత్తం నా ఫోనులోకి వచ్చేది. పొద్దున ఆరింటికి ఆయనే వచ్చేవారు, అంటే ఫోనులో.

“విన్నవా? ఎక్కడ తల ఊపినవ్?”

“మొత్తం బాగుంది సార్.”

“మొత్తానికి ఎవ్వడు ఊపడు బిడ్డా. ఏ పాట? మొదట్లనా, నడుమనా? నిలువునా ఊపినవా, అడ్డమా?”

బ్యాంకులో పనిచేసే యోగిత ఒకసారి తప్పించుకోబోయింది. “మెడ పట్టేసింది అంకుల్, అస్సలు ఊపలేదు” అంది. సాయంత్రానికి ఆమె బ్రాంచి కౌంటరు దగ్గర నొప్పుల బామ్ సీసా ఒకటి, దాని కింద ఒక కేసెట్టు. “మెడ తక్కువైనంక వినుండ్రి” అని చీటీ.

ఆయన భార్య స్వర్ణలత గారిని అడిగితే ఇది ముదిరిన జబ్బేనన్నారు. “నన్ను చూడనీకి వచ్చినప్పుడు పేరు అడగలే, చదువు అడగలే. ఓరుగల్లు బుర్రకథ రికార్డు విన్నవా అన్నడు. వినలేదన్న. గందుకే చేసుకున్నడు. వినిపియ్యనీకి ఒక మనిషి దొరికిందని!”

రెండు నెలల కిందట ఆయన నాకు కమలాబాయి పాటలు పంపారు. ఆమె రైల్వే క్వార్టర్స్‌లో ఉంటూ నీళ్ల పంపు మీద, షిఫ్టుల మీద పాటలు కట్టుకుని 1991లో ఒకే ఒక్క కేసెట్ తీసిందట. అట్ట మీద ఫొటో రేషన్ కార్డులోది. ‘మొదటి వైపు’, ‘రెండో వైపు’ అని ఫోనులో రెండు ముక్కలు. రెండూ నేను తెరవలేదు. ఆరింటి ఫోనులు మాత్రం మూడు రోజులు తీశాను. నాలుగో రోజు ఓపిక పోయింది.

“రెండో వైపు, మూడో పాట సార్. ఊపడం కాదు, ఏడుపొచ్చింది.”

అవతల కేసెట్ డబ్బా తెరిచిన చప్పుడు.

“మూడో పాటనా?”

“అవును సార్.”

“ఏడ్చినవా?”

“బాగా.”

“మంచిది బిడ్డా” అని పెట్టేశారు. వారం రోజులు ఫోను రాలేదు. ఏడుపుకు ఇంత శక్తి ఉందని తెలిస్తే చిన్నప్పుడే సరిగ్గా వాడుకునేవాణ్ని.

తర్వాత మళ్లీ మామూలే. చివరికి ఒకరోజు ఆయన ఆరింటికి రామభద్రరావు గారికే ఫోన్ చేశారు. ఆ పూట వారింట్లో సత్యనారాయణ వ్రతం. “ఏవయ్యా కార్యదర్శీ, పీటల మీద కూర్చున్నవాణ్ని పట్టుకుని తల ఎక్కడ ఊపారంటాడేవిటండీ ఆయన! తీసెయ్ గ్రూపులోంచి” అన్నారు. చేతులెత్తారు. నొక్కాను.

మర్నాడు ఆరింటికి చారి సార్. “తమ్మీ, గ్రూపుల మెసేజులు వస్తలేవు. నా ఫోన్ ఖరాబైనట్టున్నది. జెర చూస్తవా?”

“నెట్‌వర్క్ సార్” అన్నాను.  రిపేరు షాపుకు తీసుకెళ్లారని తర్వాత తెలిసింది. ఆదివారాలు కూడా రావడం మానేశారు. మా ఉదయాలు ప్రశాంతంగా గడిచాయి. ప్రశాంతంగా అంటే, ఆరింటికి మెలకువ వచ్చి, ఫోను వంక చూసి, మళ్లీ నిద్ర పట్టక.

మొన్న ఆదివారం పాట మధ్యలో తలుపు తోసుకుని ఒక పెద్దావిడ వచ్చింది. డెబ్బై దాటి ఉంటుంది. చేతిలో సకినాల డబ్బా.

“గా ఏడ్చిన పిలగాడు ఎవడు?”

రామభద్రరావు గారు పాట ఆపారు. “ఎవరండీ మీరు?”

“కమలాబాయి. చారి ప్రతి ఆదివారం రాత్రి ఫోన్ చేస్తడు. అమ్మా, ఇయ్యాల నీ పాట యోగిత అనే పిల్ల విన్నది, రెండో చరణం కాడ తల ఊపింది అని చెప్తడు. నాకొక్కదానికే కాదు. బ్యాండు మాస్టర్‌కు చెప్తడు, హార్మోనియం హెన్రీకి చెప్తడు. ఒక్క కేసెట్ తీసి ఊకున్నోళ్లం ఎంతమందిమి ఉన్నమో, అందరికి చెప్తడు. మూడు వారాలాయె, ఏం చెప్తలేడు. ఫోన్ ఖరాబైందంటడు. ఏమాయెనో అని పరేషానై నేనే వచ్చిన.”

యోగిత తల దించుకుంది. ఆమె ఏ చరణం దగ్గరా ఊపలేదని నాకు తెలుసు. ఆరింటి ఫోను తప్పించుకున్న నా ఏడుపు ఉపాయం అందరికీ గొప్పగా చెప్పుకున్నాను కనుక, అందరూ నా వైపే వేలు చూపించారు.

ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుని సకినాల డబ్బా నా చేతిలో పెట్టింది. “నువ్వేనా బిడ్డా? రెండో వైపు రెండు పాటలే ఉన్నయి. మూడోది పాడుదమని కూసున్నం. వర్క్‌షాపు సైరన్ కొట్టిన్రు, హెన్రీ హార్మోనియం మూసి డ్యూటీకి ఉరికిండు. గంతే, మిగిలిన టేపు ఖాళీ. ముప్పై ఏండ్లల్ల మూడోది ఏమాయె అని ఒక్కడు అడగలే. చారి చెప్పిండు, మూడో పాట లేదని ఒక పిలగాడు ఏడ్చిండంట. రెండు నెలల సంది గొంతు సాఫ్ చేసుకుంటున్న. పాడాలా?”

నా జీవితంలో అబద్ధం చెప్పి దొరికిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. దొరికిపోయినందుకు సకినాలు పెట్టడం ఇదే మొదలు.

“పెద్దమ్మా, ఒక్క పది నిమిషాలు ఆగు” అని ఫోను తీశాను. ముందు చారి సార్‌ను గ్రూపులో చేర్చాను. తర్వాత ఫోన్ చేశాను. “సార్, నెట్‌వర్క్ వచ్చింది. కమలాబాయి గారు మూడో పాట పాడబోతున్నారు.”

లాలాగూడ నుంచి అంత తొందరగా వచ్చిన ఆటో ఇంతవరకు లేదు. చారి సార్ స్వర్ణలత గారిని కూడా తీసుకొచ్చారు.

కమలాబాయి పాడింది. గొంతు రెండు చోట్ల జారింది, ఒక చోట మాట మర్చిపోయి మళ్లీ మొదటికి వచ్చింది. గొప్పగా పాడిందని రాయను. నేను ఏడ్చానని కూడా రాయను, ఆ అబద్ధం ఒకసారి చాలు. రామభద్రరావు గారు మాత్రం అలవాటు తప్పి కళ్లు తెరిచే విన్నారు.

అందరూ వెళ్లాక మెట్లు దిగుతూ చారి సార్‌తో చెప్పేశాను. “సార్, ఆ కేసెట్ నేను వినలేదు.”

“ఎరుకే. లేని పాటకు ఏడ్చినవంటే విననోడివే గద.”

“మరి ఆవిడకు అలా ఎందుకు చెప్పారు?”

ఆయన మెట్టు మీద విడిచిన చెప్పుల్లో కాళ్లు పెడుతున్నారు.

“ఫోను సంగతి కూడా...”

“రిపేరు షాపాయన మొదటి రోజే చెప్పిండు, ఫోన్ మంచిగనే ఉందని.” నా భుజం పట్టుకుని చివరి మెట్టు దిగారు. “గదంత ఇడిసెయ్ తమ్మీ. ఇయ్యాల నేను నీ ఎన్కనే కూసున్న, చూసిన. రెండో చరణం కాడ ఊపినవ్. ఆమెకు రాత్రి ఫోన్ చేసి చెప్పాలె. నిలువునా, అడ్డమా?”