దారానికి ఎక్కని ప్లేటు

మా పక్క వాటాలో ఉండే అసిరమ్మ పిన్ని గోపాలపట్నంలో మోటార్‌సైకిల్ మీద తిరిగి చేపలమ్ముతుంది. తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి సరుకు తెస్తుంది. బండి ఆమె భర్త జగ్గారావుది. ఆయన పోయి రెండేళ్లయింది.

హార్బర్ ఉప్పునీళ్లలో తిరిగి తిరిగి ముందు చక్రం కీచుమంటూ ఊగడం మొదలుపెట్టింది. అది ఆమె మరిది దుర్గారావు చెవిన పడింది. పోర్టులో కాంట్రాక్టు పని అతనిది, రోజూ బస్సులో వేలాడుతూ వెళ్తాడు.

"అన్నయ్య బండి నీకాడ తుప్పట్టిపోతంది వదినా. నాకిచ్చీ."

"శనారం పదింటికి రా," అంది పిన్ని. "చక్రం నానే తీసి బాగు సేత్తాను. నువ్వే నడిపి సూడు. ఊగినా, కూసినా బండి తోలుకుపో."

బండి పోతే ఆమె బేరం పోయినట్టే. చేపల బుట్టను బస్సెక్కించనిచ్చే కండక్టరు నాకైతే ఇంతవరకు కనిపించలేదు.

శనివారం చేపలు కొనేవాళ్లు తక్కువ. పొద్దున్నే బండిని సెంటర్ స్టాండ్ వేసి, ఇంజను కింద ఇటుకలు పేర్చి, చక్రం పైకి లేపింది. నేను ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. రెండేళ్లు మెకానికల్ చదివి మానేసినవాణ్ని, యాక్సిల్ బొమ్మ గీయడం తప్ప దాన్ని చేత్తో పట్టుకున్నది లేదు.

బ్రేకు కేబులు, స్పీడోమీటర్ కేబులు ఊడదీసింది. నట్టు విప్పి, యాక్సిల్‌ను సుత్తితో తట్టి లాగింది. తీసిన ప్రతి ముక్కనూ, నట్టు, వాషరు, బుష్షు, వరసగా వల కుట్టే దారానికి గుచ్చుతోంది.

"ఇదేటి పిన్నీ, దండ కడతన్నావా?"

"మా అయ్య వలలకి సీసం గుళ్లు ఇలగే గుచ్చీవోడు. సివర్న ఊడింది ముందెక్కుద్ది. తప్పు పోదు."

కాలేజీలో ఇంత తేలికైన సంగతి ఒక్కరూ చెప్పలేదు. పాత బేరింగులు ఇనప కడ్డీతో కొట్టి బయటికి తోసింది. కొత్తదాని మీద పాతదాన్ని పెట్టి తట్టింది. ఎందుకని అడిగాను.

"సుత్తి దెబ్బ పాతదే తింటాది. కొత్తదానికేటీ అవదు."

గ్రీజు పూసి, దారం లోంచి ఒక్కొక్కటే తీసుకుంటూ చక్రం బిగించి, కేబుళ్లు తగిలించింది. చేత్తో తిప్పితే చప్పుడు లేదు, ఊగడం లేదు. దారం ఖాళీ. ఇటుకలు తీసేసి బండిని స్టాండు దించింది. సరిగ్గా అప్పుడే దుర్గారావు వచ్చాడు.

"అయిపోనాదేటి? మెకానిక్ షాపు పెట్టీ వదినా, నాను బోర్డు రాయిత్తాను!" అంటూ బండెక్కి, ముందుకు తోసి బ్రేకు నొక్కాడు.

నాకేమీ కనిపించలేదు. పిన్ని చూపు మాత్రం చక్రం దగ్గర ఆగిపోయింది. వెంటనే హ్యాండిల్ పట్టేసుకుంది.

"దుర్గా, దిగు."

"ఏటి, భయమా?"

"దిగరా అంతన్నాను! తప్పు బిగించాను."

చక్రం పక్కన బిగించే బ్రేకు ప్లేటుకు ఒక గాడి ఉంటుంది. చక్రాన్ని పట్టుకునే ఫోర్కు లోపలి బొడిపె ఆ గాడిలో కూర్చోవాలి. కూర్చోకపోతే బ్రేకు నొక్కగానే ప్లేటు కూడా చక్రంతో తిరిగి చక్రాన్ని బిగించేస్తుంది. వేగంలో ఉంటే మనిషి ముందుకు ఎగిరి పడాల్సిందే. అన్నిటినీ దారానికి గుచ్చింది గానీ, వెడల్పాటి ఆ ప్లేటు మాత్రం దారానికి ఎక్కలేదు. అందుకే దాని సంగతి మరిచిపోయింది. దుర్గారావు బ్రేకు నొక్కినప్పుడు ప్లేటు కదలడం చూశాకే గుర్తొచ్చింది.

"అయితే ఓడిపోనావు," అన్నాడు దుర్గారావు.

"ఓడిపోనానులే. ముందు హ్యాండిలు పట్టుకో. బండి ఎవుడు తోలినా బ్రేకు పట్టాలి కదా."

అతను పట్టుకున్నాడు. పిన్ని మళ్లీ అన్నీ విప్పింది. బొడిపెను గాడిలో కూర్చోబెట్టి, వేలితో తడిమి చూసుకుని బిగించింది. దుర్గారావు వంగి వంగి చూస్తున్నాడు.

"ఇది నాకైతే అగుపడేది కాదు వదినా."

"అగుపడేదాకా నేర్సుకోవాలి. తియ్యి, తోలుకుపో."

అతను ఎక్కలేదు. బుర్ర గోక్కున్నాడు. "నువ్వే నడుపు. నాను ఎనకాల కూకుంటాను."

ఇద్దరూ వెళ్లారు. పావుగంటకు పిన్ని బండి మీద ఒక్కతే తిరిగొచ్చింది.

"ఏమన్నాడు పిన్నీ?"

"జంక్షన్లో ఆపమన్నాడు. బస్సెక్కీసినాడు."